‘డయాబెటిక్ డైట్ అడ్వైజ్డ్’: ఒక మెడిసిన్ వార్డులో పోషకాహార శిక్షణ, కేస్ స్టడీ

నేపథ్యం

విశాఖపట్నంలో ఒక బోధనాసుపత్రి, అందులో జనరల్ మెడిసిన్ యూనిట్ ఒకటి. ఆసుపత్రి పేరు, యూనిట్ నంబరు ఇక్కడ ఇవ్వడం లేదు. రోగిని గుర్తుపట్టగల వివరాలు కొన్ని తీసేశాం, కొన్ని మార్చాం.

ఈ యూనిట్‌కు ఫిషింగ్ హార్బర్, పాత నగరం వైపు నుంచి మత్స్యకార కుటుంబాలు వస్తాయి. గాజువాక, ఆటోనగర్ వైపు నుంచి షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్లు వస్తారు. పాడేరు, అరకు ఏజెన్సీ నుంచి గిరిజనులు దిగివస్తారు. ఒకరి కంచంలో ఎండు చేప, ఒకరి క్యారియర్‌లో ఉదయం వండిన అన్నం, ఒకరింట్లో చోడి (రాగి) అంబలి. చూసే డాక్టర్లు మాత్రం వాళ్లే: కన్సల్టెంట్లు, పీజీలు (ఎండీ చదువుతున్న డాక్టర్లు), నెలా రెండు నెలలకు మారిపోయే హౌస్ సర్జన్లు (ఎంబీబీఎస్ చదివి శిక్షణలో ఉన్నవాళ్లు). స్టాఫ్ నర్సులు మూడు షిఫ్టుల్లో ఉంటారు. ఆసుపత్రి మొత్తానికి డైటీషియన్ ఒక్కరే. ఆమె రోజంతా వంటశాల సరుకుల లెక్కలకూ ట్రేల లెక్కలకూ సరిపోతుంది.

ఎంబీబీఎస్‌లో పోషకాహారం లేకపోలేదు. 2019లో వచ్చిన సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళికలోనూ ఉంది. అయితే విద్యార్థి దాన్ని ఎక్కువగా మొదటి ఏడాది బయోకెమిస్ట్రీలో, ఆ తర్వాత కమ్యూనిటీ మెడిసిన్‌లో చదువుతాడు. వార్డులో రోగి ముందు నిలబడేసరికి అది పాత పరీక్షల సరుకైపోతుంది. ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలో 1985 నాటి నివేదిక ఒకటి వైద్యవిద్యలో కనీసం 25 గంటలు పోషకాహారానికి ఇవ్వాలంది. 2010లో అచ్చయిన సర్వేలో అంత సమయం ఇస్తున్న కళాశాలలు 27 శాతమే. 2019లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్‌లో వచ్చిన సమీక్ష, ఏ దేశమైనా వైద్యవిద్యలో పోషకాహారానికి తగినంత చోటు లేదని తేల్చింది. 2024లో నిపుణుల బృందం వైద్య విద్యార్థులకు కావలసిన 36 సామర్థ్యాలను జాబితాగా ఇచ్చింది. గంటల కొరత నిజమే. ఈ కేసులో తేలింది మాత్రం ఉన్న గంటలను ఎక్కడ ఖర్చుపెట్టాలన్న సంగతి.

సమస్య బయటపడిన తీరు

యాభైల్లో ఉన్న వ్యక్తి, రాత్రి డ్యూటీ సెక్యూరిటీ గార్డు. పదేళ్లుగా షుగర్. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాడు. ఓపీలో హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) ఎక్కువగా వచ్చింది. మందులు అవే కొనసాగించి ‘అన్నం మానెయ్యండి, చోడి జావ తాగండి, రాత్రి చపాతీ తినండి’ అని చెప్పి పంపారు. చీటీలో రాసింది ‘డయాబెటిక్ డైట్ అడ్వైజ్డ్’, అంటే షుగర్ రోగి ఆహారం సూచించామని.

అతను చెప్పింది చెప్పినట్టు చేశాడు. కొన్ని వారాల తర్వాత తెల్లవారుజామున డ్యూటీలో కుర్చీలోంచి లేవలేక, ఒళ్లంతా చెమటలతో, మాట తడబడుతూ క్యాజువాలిటీకి వచ్చాడు. జీఆర్‌బీఎస్ (అప్పటికప్పుడు చూసే రక్తంలోని షుగర్) 41, ప్రమాదకరంగా తక్కువ. 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ. ఎక్కించగానే తేరుకున్నాడు. గంటన్నరలో మళ్లీ 60ల్లోకి పడిపోయాడు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.8, ఉండాల్సినదానికన్నా ఎక్కువ. గ్లిమెపిరైడ్ లాంటి సల్ఫొనైల్ యూరియా మాత్ర (ఒంట్లో ఇన్సులిన్ ఊరేలా చేసి షుగర్ తగ్గించేది) వేసుకున్నవాడి కిడ్నీ మందగిస్తే మందు ప్రభావం గంటల తరబడి నిలుస్తుంది. కాబట్టి ఒక్క బోలస్‌తో (ఒకేసారి ఎక్కించిన మోతాదుతో) ఇంటికి పంపకూడదు. 10 శాతం డెక్స్‌ట్రోజ్ డ్రిప్, గంటగంటకు జీఆర్‌బీఎస్, కనీసం ఒక రోజు పరిశీలన అవసరం. ఇదంతా చక్కగానే జరిగింది.

పాఠమంతా ఆ తర్వాత అడిగిన ప్రశ్నలోంచి వచ్చింది: తిండిలో ఏది ఎంత మారింది? అతని భార్యను ఇంటి గ్లాసు, కంచం తెమ్మని, ఆమె పోసే కొలత ప్రకారమే తూచాం. పాత రాత్రి భోజనం 400 గ్రాముల అన్నం. 100 గ్రాముల అన్నంలో పిండిపదార్థం సుమారు 28 గ్రాములు, అంటే 112 గ్రాములు. కొత్త భోజనం రెండు పుల్కాలు, ఒక్కొక్కటి 25 గ్రాముల పిండి, కలిపి 35 గ్రాములు. రాత్రి పిండిపదార్థం మూడో వంతుకు పడిపోయింది, మాత్ర మోతాదు మాత్రం పాతదే. పైగా రాత్రంతా మెలకువ, నడక, ఏడింటికి తిన్నాక తెల్లారేదాకా టీ తప్ప మరేమీ లేదు.

పొద్దున సంగతి దీనికి తలకిందులు. డ్యూటీ దిగి వచ్చి తాగే జావ గ్లాసులో 60 గ్రాముల చోడిపిండి, 20 గ్రాముల బెల్లం. పిండిలోంచి 40, బెల్లంలోంచి 17, మొత్తం 57 గ్రాములు. అది ఇంచుమించు 200 గ్రాముల అన్నంలో ఉన్నంతే. పైగా మెత్తని పిండి బాగా ఉడికి, నమలకుండా ఒక్క గుక్కలో లోపలికి పోతుంది. చోడిలో కాల్షియం మెండు, 100 గ్రాములకు 340 మి.గ్రా. పైనే. కానీ షుగర్ రోగికి పిండిపదార్థం లెక్కలో అది బియ్యానికి మరీ దూరపు చుట్టమేం కాదు. ఒకే సలహా పగలు షుగర్‌ను పెంచింది, రాత్రి ప్రాణం మీదకు తెచ్చింది.

ఓపీ డాక్టర్‌ను తప్పుబట్టే ఉద్దేశం లేదు. అదే వారం డిశ్చార్జి షీట్లు తీసి చూస్తే ఆహారం గడిలో దాదాపు అన్నిటా రెండు మూడు మాటలే ఉన్నాయి: ‘డయాబెటిక్ డైట్’, ‘సాల్ట్ రిస్ట్రిక్టెడ్ డైట్’, ‘హై ప్రోటీన్ డైట్’. రోగి ఏం తింటున్నాడో రాసిన షీటు ఒక్కటీ కనబడలేదు. మందు పేరు రాసి మోతాదు రాయకపోతే నర్సు ఫోన్ చేసి అడుగుతుంది. ఆహారం విషయంలో అలా అడిగేవారు లేరు.

మొదట చేసినవి

అందరూ చేసేదే ముందు చేశాం: ఒక ఉపన్యాసం. గంటన్నర, స్లైడ్లు, గ్లైసీమిక్ ఇండెక్స్ (ఏ తిండి షుగర్‌ను ఎంత వేగంగా పెంచుతుందన్న సూచిక), రోజువారీ అవసరాల పట్టికలు, ముందూ తర్వాతా ఎంసీక్యూ పరీక్ష. మార్కులు పెరిగాయి, అభిప్రాయ పత్రాల్లో మెచ్చుకోళ్లు వచ్చాయి. కొన్ని వారాల తర్వాత మళ్లీ షీట్లు చూస్తే అవే రెండు మాటలు. శిక్షణను అంచనా వేసే కిర్క్‌ప్యాట్రిక్ పద్ధతిలో నాలుగు మెట్లుంటాయి: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మారిందా, ఫలితం వచ్చిందా. మనం రెండో మెట్టు దగ్గర ఆగిపోయి, అదే శిఖరం అనుకుంటాం. గ్లైసీమిక్ ఇండెక్స్ తెలిసిన పీజీకి కూడా తన ముందున్న కంచంలో అన్నం 200 గ్రాములో 400 గ్రాములో చెప్పడం రాలేదు. ఆ తేడా తెలియనప్పుడు ఇండెక్స్ ఎందుకు పనికొస్తుంది?

తర్వాత అచ్చు వేసిన డైట్ చార్టులు తెచ్చాం. 1800 కిలోక్యాలరీల చార్టు, అందులో ఓట్స్, బ్రౌన్ బ్రెడ్, యాపిల్, పనీర్. హార్బర్ నుంచి వచ్చిన మనిషి కవళ్ల (ఒక రకం చేప) పులుసు తినొచ్చా లేదా అని అడిగితే చార్టులో జవాబు లేదు. అంతకన్నా ప్రమాదం మరొకటి ఉంది. చార్టు చేతిలో ఉండటంతో రోగిని ఏమీ అడగకుండానే ఇచ్చేయడం అలవాటైంది. పొటాషియం ఎక్కువున్న కిడ్నీ రోగి చేతికి కూడా ‘రోజూ కొబ్బరినీళ్లు’ అన్న చార్టు వెళ్లబోతుంటే ఒక నర్సు ఆపింది. బొండంలో 300 మి.లీ. నీళ్లుంటే 500 మి.గ్రా. పైనే పొటాషియం ఉంటుంది. రక్తపోటు చార్టులోని తక్కువ సోడియం ఉప్పుదీ అదే చిక్కు, సోడియం బదులు అందులో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. చార్టులు వెనక్కి తీసుకున్నాం.

అందరినీ డైటీషియన్ దగ్గరికి పంపడమూ నిలవలేదు. డిశ్చార్జి రోజు మందుల కౌంటర్, బిల్లు, ఆటో, ఊరి బస్సు. వీటి మధ్య ఇంకో గది ముందు లైనంటే ఎవరూ ఆగరు. పైగా డాక్టర్ తన నోటితో చెప్పని మాటకు మన దగ్గర విలువ తక్కువ, అది నచ్చినా నచ్చకపోయినా.

పనిచేసినవి

అప్పటికి ఒకటి స్పష్టమైంది. డాక్టర్‌కు కావలసింది మరింత పోషకశాస్త్రం కాదు. ఐదు నిమిషాల్లో తిండిని కొలవడం, ఒక మార్పు ఎంచుకోవడం, ఆ మార్పుకు మందును సరిచేయడం కావాలి. శిక్షణను ఈ మూడింటికే కుదించాం. విటమిన్ల పట్టికలు పూర్తిగా వదిలేశాం. దీనిమీద యూనిట్‌లో కొంత వాదన జరిగింది కూడా. పరీక్షలో అడిగేవి వదిలేస్తే ఎలా అని పీజీల బెంగ.

తూకం క్లాసు: వార్డు పక్క గదిలో 45 నిమిషాలు, ఆరుగురు నుంచి ఎనిమిది మంది, అంతకు మించితే వెనకున్నవాళ్లు ఫోన్లు చూస్తారు. కావలసినవి ఒక వంటింటి డిజిటల్ కాటా, 200 మి.లీ. స్టీలు గ్లాసు, 150 మి.లీ. గిన్నె, అన్నం హస్తం, టీస్పూను, టేబుల్‌స్పూను, మామూలు కంచం. వంటశాల నుంచి కిలో అన్నం, నాలుగు పుల్కాలు, ఉడికించిన గుడ్లు, చోడిపిండి, బెల్లం, నూనె, ఉప్పు, ఆవకాయ. పద్ధతి ఒకటే: ఇంట్లో తినేంత వడ్డించుకో, బరువు ఊహించి కాగితం మీద రాయి, తర్వాత తూచు. ఊహకూ కాటాకూ మధ్య తేడా చూశాక ఎవరికీ ఉపన్యాసం అక్కర్లేకపోయింది. అన్నం దగ్గర దాదాపు అందరూ తక్కువ ఊహిస్తారు.

ఇక్కడ తప్పులు దొర్లే చోట్లు చెప్పాలి. కంచం పెట్టి కాటాను సున్నా చేయడం మరిచిపోతారు. గంజి వార్చిన అన్నం, కుక్కర్ అన్నం నీటి శాతంలో వేరు. 100 గ్రాముల బియ్యం ఒక చోట 250 గ్రాముల అన్నమైతే ఇంకో చోట 300 దాటుతుంది. అందుకే వీలైనప్పుడల్లా ఇంట్లో పోసే బియ్యం కొలతే అడగాలి. సోలో, గ్లాసో, ఏదైతే అది తెప్పించి ఒకసారి తూచుకుంటే చాలు. ఆవకాయను ‘కొంచెం’ అని వదిలేయకూడదు. చాలా ఇళ్లలో ఉప్పు, కారం, ఆవపిండి కొలతకు కొలత పోసే పచ్చడి అది.

నిన్నటి తిండి అడగడం: తూకం వచ్చాక మంచం దగ్గర సాధన. ‘ఏం తింటారు?’ అంటే ‘ఏటి తింటాను బాబూ, కూసింత అన్నవే’ అన్న జవాబే వస్తుంది. అది అబద్ధం కాదు, మర్యాద. అందుకని పరిమాణం అడగకుండా పనులు అడగమన్నాం. నిన్న లేచాక మొదట నోట్లో పడ్డదేంటి? ఏ గ్లాసుతో? హస్తంతో ఎన్నిసార్లు వేసుకున్నారు, మారు వేసుకున్నారా? టీలు ఎన్ని, చక్కెర ఎంత? రాత్రి తిన్నాక పడుకునేలోపు? మందు అలవాటుందా, దానితో ఏం నంజుకుంటారు? వడ్డించే మనిషి పక్కనుంటే ఆమెనూ అడగాలి. మగ రోగి చెప్పే కొలతకూ ఆమె చెప్పే కొలతకూ తరచూ పొంతన ఉండదు, ఆమెదే నిజానికి దగ్గర.

దీన్ని సరిచూసుకోవడానికి నెల సరుకుల లెక్క పెట్టాం. బహుశా మొత్తం శిక్షణలో ఎక్కువ పనికొచ్చింది ఇదే. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు మించకూడదనుకుంటే, నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. పాతిక రోజులకే అయిపోతోందంటే తలకు 10 గ్రాములు, పచ్చళ్లు, అప్పడాలు, ఎండు చేపలు కాక. నూనె లీటరు నలుగురికి 10 రోజులొస్తే తలకు 25 మి.లీ., వారానికే అయిపోతే 35 దాటినట్టు. రేషన్ బియ్యం మనిషికి నెలకు 5 కిలోలు, అంటే రోజుకు 167 గ్రాములు. ఆపైన బయట ఎన్ని కిలోలు కొంటున్నారో అడిగితే అన్నం లెక్క తేలిపోతుంది. ప్యాకెట్ ఎన్నాళ్లొస్తుందో చెప్పడానికి ఎవరూ మొహమాటపడరు. ఉప్పు తగ్గించమనడం కన్నా ‘ఈసారి ప్యాకెట్ మీద కొన్న తేదీ రాయండి, 40 రోజులకు తీసుకెళదాం’ అనడం రోగికి అర్థమయ్యే మాట.

మార్పు చెప్పేముందు నాలుగు ప్రశ్నలు: మొదటి రోగి కేసు నుంచి పుట్టినవివి, గోడకు అంటించాం. సల్ఫొనైల్ యూరియా గానీ ఇన్సులిన్ గానీ వాడుతున్నాడా? క్రియాటినిన్, పొటాషియం ఎంత? రాత్రి డ్యూటీలు, ఒక్కపొద్దులు, కార్తీక సోమవారాలు, రంజాన్ ఉపవాసాలు ఉన్నాయా? ఈమధ్య బరువు తగ్గాడా? మొదటిదానికి అవునంటే పిండిపదార్థం తగ్గించే సలహా, మాత్ర మోతాదు ఒకే రోజు, ఒకే మనిషి నిర్ణయించాలి. ఆ మనిషి పీజీ లేదా కన్సల్టెంట్, హౌస్ సర్జన్ కాదు. నాలుగోదానికి అవునంటే అసలు తగ్గించకూడదు.

ఆ నాలుగో ప్రశ్న ఎందుకో ఒక మాట. బరువు తగ్గినవాళ్లలో క్షయ రోగులు ఎక్కువ, వాళ్లకు అంతకుముందు ‘హై ప్రోటీన్ డైట్’ అని రాసి పొడి డబ్బా కొనమనేవారు. ఇప్పుడు అడ్మిషన్‌లోనే నర్సు మస్ట్ స్కోరు (పోషకాహార లోపం ముప్పును అంచనా వేసే లెక్క) వేస్తుంది. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు కొలత) 18.5 కన్నా తక్కువైతే 2, 18.5 నుంచి 20 మధ్య ఉంటే 1. మూడు నుంచి ఆరు నెలల్లో బరువు 5 నుంచి 10 శాతం తగ్గితే 1, అంతకు మించితే 2. జబ్బు తీవ్రంగా ఉండి ఐదు రోజులకు పైగా తిండి లేకపోతే మరో 2. మొత్తం 2 దాటినా, 2 అయినా డైటీషియన్‌కు ఫోన్. మరీ చిక్కిపోయినవాళ్లకు, అంటే బీఎంఐ 16 లోపు, లేదా పది రోజులకు పైగా తిండి లేనివాళ్లకు, ఒక్కసారిగా నిండుగా పెట్టకూడదు. కిలో బరువుకు రోజుకు 10 కిలోక్యాలరీల దగ్గర మొదలుపెట్టి రోజురోజుకూ పెంచాలి, దానికన్నా ముందు థయామిన్ ఇవ్వాలి, ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం చూసుకోవాలి. లేకపోతే తిండి మొదలైన కొన్ని రోజుల్లోనే ఫాస్ఫరస్ పడిపోయి గుండె, శ్వాస దెబ్బతింటాయి. క్షయ రోగికి నిక్షయ్ పోషణ్ యోజన కింద వచ్చే సొమ్ము 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలైంది. ఖాతాలో పడుతోందా అని అడగడం కూడా ఆహార సలహాలో భాగమే. ఆ డబ్బు డబ్బాకు కాకుండా గుడ్లకు, పప్పుకు, వేరుశనగలకు పోతే రోగికి ఎక్కువ దక్కుతుంది.

కేస్ షీటులో మూడు గీతలు: ‘నిన్న తిన్నది’, ‘ఒక మార్పు’, ‘మందు మార్పు, మళ్లీ ఎప్పుడు’. ఒక మార్పే, రెండు కాదు. ఐదు చెబితే రోగి తనకు నచ్చిన ఒకటి పట్టుకుంటాడు, అది మనకు కావలసినది కాకపోవచ్చు.

ఇవన్నీ పెట్టినా మొదట్లో గీతలు ఖాళీగానే ఉన్నాయి. వాటిని నింపించింది రౌండ్స్. కన్సల్టెంట్ ప్రతి కేసు ప్రెజెంటేషన్‌లో వైటల్స్ (నాడి, బీపీ లాంటివి) తర్వాత ‘నిన్న రాత్రి ఏం తిన్నాడు?’ అని అడగడం మొదలుపెట్టాక హౌస్ సర్జన్లు పొద్దున్నే మంచాల దగ్గర కనబడసాగారు. వార్డులో ఏది అడుగుతారో దాన్నే నేర్చుకుంటారు. అందుకే శిక్షణలో మొదట కూర్చోబెట్టాల్సింది సీనియర్లనే. మా వరస దీనికి వ్యతిరేకంగా సాగింది, ఆలస్యమైంది.

సమయం లేదన్న అభ్యంతరం న్యాయమైనదే. దాన్ని పంచుకున్నాం. బరువు, ఎత్తు, మస్ట్ నర్సుకు. నిన్నటి తిండి హౌస్ సర్జన్‌కు, ఐదు నిమిషాలు. మార్పు, మందు పీజీకి, రెండు నిమిషాలు. ఏజెన్సీ నుంచి వచ్చేవాళ్లలో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లు ఉంటారు కాబట్టి గిన్నెల ఫొటోల అట్ట ఒకటి తయారుచేశాం. మాట కుదరకపోయినా వేలు పెట్టి చూపిస్తారు.

అనుకోకుండా కలిసివచ్చింది మరొకటి. తిండి అడగడం అలవాటయ్యాక, స్కాన్ కోసమో ఎండోస్కోపీ కోసమో పొద్దున్నుంచి నోటికి ఏమీ ఇవ్వకుండా ఉంచి, సాయంత్రం వాయిదా వేసిన రోగులు షీటులోనే బయటపడసాగారు. మత్తు ఇచ్చే ముందు సాధారణంగా తేలికపాటి ఆహారానికి 6 గంటలు, తేటనీళ్లకు 2 గంటలు చాలు. అర్ధరాత్రి నుంచి అందరికీ ఒకటే నియమం ఎందుకని నర్సులే అడిగారు.

మొదటి రోగి

గ్లిమెపిరైడ్ ఆపేశాం. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత వేగం అంచనా) 45 కన్నా కాస్త తక్కువ కాబట్టి మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 మి.గ్రా. దాటకుండా ఉంచి, కిడ్నీ లెక్కతో పనిలేని లినాగ్లిప్టిన్ కలిపాం. ఆహారంలో ఒక మార్పు: జావలో పిండి 60 నుంచి 30 గ్రాములకు, బెల్లం బదులు మజ్జిగ. రాత్రి విషయంలో పాత సలహానే వెనక్కి తీసుకున్నాం: పుల్కాలు తీసేసి, డ్యూటీకి క్యారియర్‌లో 150 గ్రాముల అన్నం, చేప గానీ గుడ్డు గానీ, గిన్నెడు కూర పెట్టమన్నాం. ‘అన్నం తినొచ్చేటండీ?’ అని రెండుసార్లు అడిగాడు. అన్నం మాన్పించకుండానే అన్నం లెక్క కుదిరింది. తర్వాతి ఓపీల్లో మళ్లీ షుగర్ పడిపోలేదు, పొద్దుటి రీడింగులు దిగాయి. హెచ్‌బీఏ1సీ తగ్గింది కూడా, కానీ మందులు కూడా మారాయి కాబట్టి ఆ ఘనత తిండికి కట్టబెట్టడం సరికాదు.

ఏం నిలిచింది, ఏం నిలవలేదు

ఆడిట్‌కు ఒకటే ప్రమాణం పెట్టుకున్నాం. యూనిట్‌తో సంబంధం లేని మనిషి డిశ్చార్జి షీట్లు తీసి, ఆ కాగితం చూసి ఇంట్లో వంట చేసేవాళ్లకు రేపు ఏం మార్చాలో తెలుస్తుందా అని చూస్తారు. ఎంసీక్యూ మార్కులు లెక్కలోకి తీసుకోవడం మానేశాం. ఎక్కువ షీట్లు ఇప్పుడు ఆ పరీక్షకు నిలుస్తున్నాయి. కొత్త బ్యాచ్ వచ్చిన మొదటి వారం మాత్రం మళ్లీ ‘డయాబెటిక్ డైట్’ తల ఎత్తుతుంది. మారిపోయేవాళ్ల మీద శిక్షణ నిలబెట్టలేం. అందుకే తూకం క్లాసు నడపడం ఇద్దరు స్టాఫ్ నర్సులకు అప్పగించాం, పోస్టింగ్ చివరి పరీక్షలో నిన్నటి తిండి అడిగి చూపించాల్సిన స్టేషన్ (పరీక్షలో ఒక అంచె) ఒకటి చేర్చాం. ఆ స్టేషన్ వచ్చాక పీజీల బెంగ కూడా తీరింది.

అతిగా నేర్చుకున్నవాళ్లతో ఇంకో తలనొప్పి. కొందరు హౌస్ సర్జన్లు గ్రాములు రాబట్టడంలో పడి రోగిని నిలదీసినట్టు అడుగుతారు. రోగి మూగబోతాడు, లేదా డాక్టరు బాబుకు నచ్చే జవాబులు చెబుతాడు. వాళ్లను ఓ పూట నర్సు పక్కన నిలబెట్టి వినమంటే చాలావరకు దారిలోకి వస్తారు.

ఓపీ మాత్రం ఇంకా తేలలేదు. ఒక్కో రోగికి రెండు మూడు నిమిషాలుండే చోట నిన్నటి తిండి అడగడం కుదరదు. ప్రస్తుతం బీపీ చూసే నర్సు రెండే ప్రశ్నలు అడిగి ఓపీ చీటీ మూలన రాస్తోంది: ఇంట్లో ఎంతమంది, కిలో ఉప్పు ఎన్నాళ్లొస్తుంది. షుగర్ రోగులైతే మూడోది, రాత్రి తిన్నాక మళ్లీ తినేది ఎన్ని గంటలకు. సల్ఫొనైల్ యూరియా లేదా ఇన్సులిన్ వాడేవాళ్ల చీటీలో ఆ విరామం 10 గంటలు దాటితే ఎర్ర పెన్నుతో సున్నా చుడుతుంది. ఆ చీటీ వచ్చినప్పుడు మాత్ర మోతాదు మళ్లీ చూడకుండా డాక్టర్ సంతకం పెట్టకూడదన్నది ఇప్పుడు పరీక్షిస్తున్న నియమం.